అలైన్‌మెంట్: డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవారు, ఆడించేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక పాత్ర (క్యారెక్టర్) అయి కథ నడిపే ఆట. పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్‌లో అలైన్‌మెంట్‌కి ఉండేది రెండు మాటలు పట్టే చిన్న గడి. టేబుల్ దగ్గర వచ్చే గొడవల్లో చాలా భాగం ఆ గడి దగ్గరే మొదలవుతుంది. కొత్తగా ఆడుతున్నవారు, మొదటిసారి డీఎంగా (ఆటను నడిపించే డంజన్ మాస్టర్‌గా) కూర్చున్నవారు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇచ్చాం. ఏ ఎడిషనో విడిగా చెప్పని చోట 2014లో వచ్చిన 5వ ఎడిషన్ రూల్స్ అనుకుని చదవండి.

అలైన్‌మెంట్ అంటే అసలు ఏమిటి?

రెండు ప్రశ్నలకు జవాబు. ఈ మనిషి కట్టుబాటును, ఇచ్చిన మాటను, వ్యవస్థను పట్టుకుని నడుస్తాడా, లేక ఆ పూటకు తన మనసుకు తోచినట్టు నడుస్తాడా? ఇది మొదటిది: ఒక కొసన లా, ఇంకో కొసన కేయాస్. ఎదుటివాడి మేలు కోసం తాను నష్టపోతాడా, తన మేలు కోసం ఎదుటివాడిని నష్టపెడతాడా? ఇది రెండోది: ఒక కొసన గుడ్, ఇంకో కొసన ఈవిల్. రెండింటికీ మధ్యలో న్యూట్రల్ ఉంటుంది. మూడు అడ్డం, మూడు నిలువు, మొత్తం తొమ్మిది గళ్ళు. సరిగ్గా నడిమి గడిని ట్రూ న్యూట్రల్ అంటారు. ఆవు, తోడేలు లాంటి మంచిచెడుల ఆలోచన లేని జీవులు ఈ గళ్ళలోకి రావు. వాటికి అన్‌అలైన్డ్ అని రాస్తారు.

ఒక్క విషయం ముందే తేల్చుకోవాలి. ఆ గడిలో రాసింది క్యారెక్టర్‌కి ఇచ్చిన ఆజ్ఞ కాదు, అతను ఇప్పటిదాకా ఎలా నడిచాడో చెప్పే లెక్క. ‘నేను లాఫుల్ గుడ్ కాబట్టి ఇలా చేయాలి’ అనుకుంటే ఆట బిగుసుకుపోతుంది. ‘ఇలా చేస్తూ వచ్చాను కాబట్టి లాఫుల్ గుడ్’ అనుకుంటే ఆట నడుస్తుంది. కింద చెప్పిన చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ రెండు వాక్యాలను తారుమారు చేయడమే.

లాఫుల్ అంటే ‘ధర్మం’ అనుకోవచ్చా?

వద్దు. తెలుగులో ఆలోచించేవారికి ఈ విషయంలో అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది ఈ మాటే. మన భాషలో ధర్మం అన్న ఒక్క మాటలో నియమమూ ఉంది, మంచితనమూ ఉంది, బాధ్యతా ఉంది, చివరికి దానం కూడా ఉంది. లాఫుల్‌ను ధర్మం అనగానే రెండు ప్రశ్నలూ ఒకటైపోతాయి. ఆ తర్వాత లాఫుల్ ఈవిల్ అంటే ‘ధర్మపరుడైన దుర్మార్గుడు’ అని వస్తుంది, ఏమీ అర్థం కాదు. లా అంటే కట్టుబాటు అనుకోండి. అంతకు మించి దాని మీద ఏమీ వేయకండి.

ఒక వడ్డీ వ్యాపారిని తీసుకుందాం. నోటులో రాసిన వడ్డీకి పైసా ఎక్కువ అడగడు. గడువు ఒక్కరోజు దాటినా మాత్రం పొలం వదలడు, పంట ఎందుకు పోయిందో వినడు. ఇతను లాఫుల్ ఈవిల్. రెండో వ్యాపారి పంట పోయిన రైతును కూర్చోబెట్టి, సాక్షుల ముందు కొత్త నోటు రాయించి, ఆ ఏడాది వడ్డీ తానే వదులుకుంటాడు. పద్ధతి తప్పలేదు, నష్టం తాను భరించాడు. లాఫుల్ గుడ్. మూడో వ్యాపారి ఉన్న నోటు అక్కడే చింపేసి ‘పోయి విత్తనాలు కొనుక్కో’ అంటాడు. కేయాటిక్ గుడ్. నాలుగోవాడు నోటే రాయడు. ఇవాళ చెప్పిన వడ్డీ రేపు ఉండదు, ఎదురడిగితే మనుషుల్ని పంపిస్తాడు. కేయాటిక్ ఈవిల్. ఒకే వృత్తిలో నాలుగు మూలలూ కనిపించాయి కదా.

చట్టం అన్న అనువాదంలోనూ ఇబ్బంది ఉంది. లాఫుల్ క్యారెక్టర్ తాను అడుగుపెట్టిన ప్రతి రాజ్యంలోని ప్రతి చట్టానికీ తలవంచనక్కర్లేదు. మఠం నియమం పాటించే సన్యాసి క్రూరుడైన రాజు శాసనాన్ని ధిక్కరించినా లాఫులే. అతని కట్టుబాటు వేరే చోట ఉంది, అంతే.

గుడ్‌కీ న్యూట్రల్‌కీ తేడా ఎక్కడ?

ఎవరి కోసం ఖర్చు పెట్టుకుంటాడు అన్న దగ్గర. 3వ ఎడిషన్ పుస్తకం ఈ మాట చాలా స్పష్టంగా చెప్పింది, ఇప్పటికీ దాన్ని మించిన కొలత లేదు. గుడ్ మనిషి ముక్కూమొహం తెలియనివాడి కోసం కూడా తన సొంతది వదులుకుంటాడు. న్యూట్రల్ మనిషికి అమాయకుణ్ణి చంపడానికి చేతులు రావు, కానీ తెలియనివాడి కోసం ప్రాణం మీదికి తెచ్చుకోడు. తనవాళ్ళ కోసమైతే దూకుతాడు. ఈవిల్ మనిషి తనకు అడ్డొచ్చినవాడు ఏమైపోతాడన్నది లెక్కలోకే తీసుకోడు.

దీన్నిబట్టి చూస్తే మామూలు ఊరి జనంలో ఎక్కువమంది న్యూట్రల్. అది తిట్టు కాదు. తన పార్టీని (కలిసి తిరిగే క్యారెక్టర్ల జట్టును) ప్రాణంలా చూసుకుంటూ, కూలి ఇవ్వకపోతే ఊరిని కాపాడని క్యారెక్టర్ షీట్‌లో గుడ్ అని ఉంటే ఆ మాట మార్చాలి.

ఈ తొమ్మిది గళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి?

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు అమెరికాలో తెచ్చిన మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఉన్నవి మూడే: లా, న్యూట్రాలిటీ, కేయాస్. లోకం మీద పట్టు కోసం లాకూ కేయాస్‌కూ నిత్యం పోరు జరుగుతుందన్న ఊహ పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ల ఫాంటసీ రచనల నుంచి వచ్చింది. అప్పట్లో అది మనిషి స్వభావం కన్నా ‘నువ్వు ఏ పక్షం’ అన్న ప్రశ్న.

గుడ్, ఈవిల్ అన్న రెండో గీతను గైగాక్స్ 1976 ఫిబ్రవరిలో ఒక పత్రికా వ్యాసంలో గీశాడు. 1977 బేసిక్ సెట్‌లో ఐదు అలైన్‌మెంట్లు వచ్చాయి. 1978లో అడ్వాన్స్‌డ్ ఆట ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తొమ్మిది గళ్ళనూ ఖాయం చేసింది. విచిత్రంగా, 1981 బేసిక్ సెట్ మళ్ళీ పాత మూడింటికే వెళ్ళింది. అందుకే పాత పద్ధతి ఆటలు ఆడేవారి నోట ఇప్పటికీ ‘లాఫుల్’ అంటే మంచిపక్షం అన్న అర్థమే వినిపిస్తుంది. వారితో వాదన పెట్టుకునే ముందు ఏ పుస్తకంతో ఆడుతున్నారో అడగండి.

2008లో 4వ ఎడిషన్ దీన్ని ఐదుకు కుదించింది: లాఫుల్ గుడ్, గుడ్, అన్‌అలైన్డ్, ఈవిల్, కేయాటిక్ ఈవిల్. 2014లో తొమ్మిదీ తిరిగొచ్చాయి, 2024 పుస్తకంలోనూ ఉన్నాయి.

5వ ఎడిషన్‌లో రూల్స్ పరంగా దీనికి ఏమైనా పని ఉందా?

చాలా తక్కువ. పాత ఎడిషన్లలో అలైన్‌మెంట్ తలుపుకు తాళంలా ఉండేది. 3వ ఎడిషన్‌లో క్లాస్‌ను, అంటే క్యారెక్టర్ వృత్తిని బట్టి అది ఉండేది: పాలడిన్ (ప్రతిజ్ఞ పట్టిన పవిత్ర యోధుడు) లాఫుల్ గుడ్ అయి తీరాలి, మాంక్ లాఫుల్ కావాలి, బార్బేరియన్, బార్డ్ లాఫుల్ కాకూడదు, డ్రూయిడ్‌కు ఎక్కడో ఒకచోట న్యూట్రల్ ఉండాలి. 5వ ఎడిషన్ ఈ తాళాలన్నీ తీసేసింది. అక్కడక్కడ మిగిలినవి కొన్ని ఉన్నాయి. స్పిరిట్ గార్డియన్స్ స్పెల్ (మంత్రం) వేసినవాడు గుడ్ లేదా న్యూట్రల్ అయితే రేడియెంట్ (దివ్యకాంతి) డ్యామేజ్, ఈవిల్ అయితే నెక్రోటిక్ (మృత్యుశక్తి). గ్లిఫ్ ఆఫ్ వార్డింగ్ అనే స్పెల్‌ను ఫలానా అలైన్‌మెంట్ ఉన్నవారు తాకితేనే పేలేలా పెట్టవచ్చు. స్ప్రైట్ అనే చిన్న జీవి ఒకరిని తాకితే ఆ వ్యక్తి డీసీ 10 కరిజ్మా సేవ్ (డైస్ వేసి కనీసం 10 తెచ్చుకోవాల్సిన పరీక్ష) వేయాలి, తప్పితే అలైన్‌మెంట్ బయటపడుతుంది. రాక్షస అనే జీవిని మ్యాజిక్ ఆయుధంతో పొడిచినవాడు గుడ్ అయితే దానికి రెండింతలు డ్యామేజ్.

రోజువారీ ఆటలో తగిలేది ఇంతే. కాబట్టి షీట్‌లో ఏది రాసినా పెద్దగా లాభనష్టాలు ఉండవు. నిజాయితీగా రాయండి.

డిటెక్ట్ ఈవిల్ వేస్తే విలన్ ఎవరో తెలిసిపోతుంది కదా?

ఎడిషన్‌ను బట్టి జవాబు పూర్తిగా మారుతుంది. ఇది కలగాపులగమైతే కథంతా చెడుతుంది.

5వ ఎడిషన్‌లో డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్ స్పెల్ మనుషుల అలైన్‌మెంట్‌ను చూపించనే చూపించదు. 30 అడుగుల లోపల అబెర్రేషన్, సెలెస్టియల్, ఎలిమెంటల్, ఫే, ఫీండ్, అన్‌డెడ్ అన్న అలౌకిక జీవులు ఏవైనా ఉన్నాయా, ఎక్కడున్నాయి అన్నది మాత్రం చెబుతుంది. పవిత్రం చేసిన లేదా అపవిత్రం చేసిన చోటు కూడా తెలుస్తుంది. కాన్సన్‌ట్రేషన్ నిలిస్తే 10 నిమిషాలు ఉంటుంది. అడుగు మందం రాయి, అంగుళం మామూలు లోహం, 3 అడుగుల చెక్క లేదా మట్టి, పల్చటి సీసపు రేకు అడ్డుంటే ఆగిపోతుంది. కుట్ర పన్నే మంత్రి మామూలు మనిషి అయితే దీనికి దొరకడు.

3వ ఎడిషన్‌ను దిద్దిన రూపమైన 3.5లో ఆ స్పెల్ నిజంగానే ఈవిల్‌ను పసిగడుతుంది, అయితే నిదానంగా. 60 అడుగుల కోన్‌లో మొదటి రౌండ్‌కు ఉందా లేదా అన్నది, రెండో రౌండ్‌కు ఎన్ని, వాటిలో బలమైనది ఎంత అన్నది, మూడో రౌండ్‌కు ఒక్కొక్కటి ఎక్కడ అన్నది తెలుస్తాయి. పాలడిన్ దీన్ని ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు, సంత మధ్యలో నిలబడి ప్రతివాడి మీదా వేయడం అక్కడే మొదలవుతుంది. డీఎంలు ఎక్కువగా పొరబడేది బలం లెక్కలో. ఈవిల్ మనిషికి 10 హిట్ డైస్ (బలానికి కొలత) వరకు మసక జాడే. ఈవిల్ దేవతను కొలిచే క్లెరిక్‌కు మాత్రం 5వ లెవెల్ నుంచే బలమైన జాడ. అంటే 10వ లెవెల్ హంతకుడు గుడ్డిదీపంలా ఉంటే, 5వ లెవెల్ పూజారి కాగడాలా వెలుగుతాడు. బలమైన జాడ వచ్చినవాడే పెద్ద విలన్ అనుకుంటే పార్టీ తప్పుదారి పడుతుంది. పైగా అన్‌డిటెక్టబుల్ అలైన్‌మెంట్ స్పెల్ 24 గంటలు పనిచేస్తుంది. తెలివైన విలన్ పొద్దున్నే వేయించుకుంటాడు.

ఇంకొకటి: ఈవిల్ అని తేలడం నేరం రుజువు కావడం కాదు. పనివాళ్ళను పీడించే పిసినారి పూటకూళ్ళ యజమాని కూడా ఈవిల్‌గా కనిపించవచ్చు. ఆ జాడ చూసి కత్తి దూస్తే ఆ పని చేసినవాడి షీటే మార్చాల్సి వస్తుంది.

‘నేను కేయాటిక్ న్యూట్రల్, నా క్యారెక్టర్ ఇలాగే చేస్తుంది’ అంటే ఏం చేయాలి?

టేబుల్స్ విడిపోవడానికి పెద్ద కారణం ఇదే కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. పార్టీ రాజుతో మాట్లాడుతుంటే కిరీటం లాగేయడం, తోటివాడు నిద్రపోతే సంచి కొట్టేయడం, అడిగితే ‘కేయాటిక్ న్యూట్రల్ కదా’ అనడం. ఇందులో రెండు తప్పులున్నాయి.

మొదటిది అర్థం తప్పు. కేయాటిక్ న్యూట్రల్ మనిషికి అన్నిటికన్నా ప్రియమైనది తన స్వేచ్ఛ. ఒకరి కింద ఉండలేడు, ఒకరిని తన కింద పెట్టుకోవాలనీ అనుకోడు. అంతే గానీ కారణం లేకుండా ప్రవర్తించేవాడు కాదు. స్వేచ్ఛ అంటే అంత ఇష్టమున్నవాడు రాజుగారి చెరసాలలో పడే పని సరదాకి చేయడు. స్నేహితుణ్ణి దోచుకుని, అతను చస్తే చావనీ అనుకుంటే అది ఈవిల్ వైపు వెళ్ళడం, పేరు ఏది రాసుకున్నా సరే. 2వ ఎడిషన్ పుస్తకం ఈ అలైన్‌మెంట్‌ను పిచ్చివాళ్ళకు దగ్గరగా వర్ణించింది, ఆ నీడ ఇంకా పోలేదు. 5వ ఎడిషన్‌లో ఆ మాట లేదు.

రెండోది బాధ్యత తప్పు. క్యారెక్టర్‌ను తయారుచేసింది ప్లేయరే. ‘క్యారెక్టర్ అలా చేస్తుంది’ అన్నవారిని డీఎం మెల్లగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘సరే, ఈ నలుగురితో కలిసి తిరగడానికి అతనికి కారణం ఏమిటి?’ జవాబు ఉంటే అది షీట్‌లో రాయించండి, తర్వాతి నిర్ణయాలు దానికి లోబడతాయి. లేకపోతే ఆ క్యారెక్టర్ ఈ కథకు సరిపోదు, కొత్తది చేయించండి. ఆట మధ్యలో అందరి ముందు నిలదీయకండి. పది నిమిషాలు విరామం ఇచ్చి విడిగా మాట్లాడండి.

ట్రూ న్యూట్రల్ అంటే రెండు పక్షాలనూ సమానంగా ఉంచడమా?

ఒకప్పుడు అలాగే రాశారు. 2వ ఎడిషన్‌లో ఇచ్చిన ఉదాహరణలో డ్రూయిడ్ దుష్ట నోల్స్ (ఒక శత్రుజీవుల తెగ) మీద పోరాడే వారితో చేరతాడు, నోల్స్ తుడిచిపెట్టుకుపోయే దశకు రాగానే తప్పుకోనైనా తప్పుకుంటాడు, పక్షమైనా మారుస్తాడు. అలా ఆడితే మిగతా ప్లేయర్లు అతన్ని ఇంకోసారి నమ్మరు. ఇప్పుడు ఎక్కువమంది వాడే అర్థం తేలికైనది: ఏ సిద్ధాంతం వైపూ మొగ్గక, ఎదురుగా ఉన్న పరిస్థితికి ఏది మేలనిపిస్తే అది చేసే మనిషి. ఇదే వాడండి.

బందీలను ఏం చేయాలో లాఫుల్ గుడ్ పాలడిన్‌కు తోచడం లేదు. ఎలా ఆలోచించాలి?

ఒక సన్నివేశం పెట్టుకుని లెక్కతో సహా చూద్దాం. నలుగురు పార్టీ. ముగ్గురు గాబ్లిన్‌లు ఆయుధాలు పడేసి లొంగిపోయారు. పాలడిన్ ‘మీ ప్రాణానికి భయం లేదు’ అన్నాడు. దగ్గరి పట్నం రెండు రోజుల నడక. సంచుల్లో 10 రోజువారీ రేషన్లున్నాయి. ఏడుగురికి రెండు రోజులకు 14 కావాలి, 4 తక్కువ. రోగ్ (దొంగ క్లాస్) ప్లేయర్ ‘గొంతు కోసేద్దాం, తిండి మిగులుతుంది’ అంటాడు.

మాట ఇచ్చాక చంపితే లా పోయింది, లొంగినవాణ్ణి సౌకర్యం కోసం చంపితే గుడ్ కూడా పోయింది. ఒక్క దెబ్బకు రెండూ పోతాయి కాబట్టి పాలడిన్‌కు ఇది దారే కాదు. కట్టు విప్పి వదిలేస్తే మాట నిలుస్తుంది, కానీ వాళ్ళు రేపు ఇంకో పల్లె మీద పడితే ఆ పల్లెకు ఎవరు జవాబు చెప్పాలి? ఇక మిగిలింది తీసుకెళ్ళడం. రూల్స్ ప్రకారం సగం రేషన్ తిన్న రోజు సగం రోజు పస్తు కింద లెక్క. నలుగురూ రెండు రోజులు సగమే తింటే సరిగ్గా 4 రేషన్లు మిగులుతాయి, గాబ్లిన్‌లకు పూర్తి తిండి సరిపోతుంది. నలుగురికీ ఒక్కరోజు పస్తు పడినట్టు. 3కు కాన్‌స్టిట్యూషన్ మాడిఫయర్ కలిపితే వచ్చే రోజుల వరకు ఎగ్జాషన్ (నీరసం) రాదు. కాన్‌స్టిట్యూషన్ మరీ అడుగంటినవాడు కాకపోతే రెండు రోజుల ఆకలి తప్ప ఎవరికీ ఏమీ కాదు. మంచికి ఖరీదు ఉంది, భరించలేనంత లేదు.

ఈ సన్నివేశంలో డీఎం చేసే తప్పు ఒకటుంది. పట్నం పది రోజుల దూరం పెట్టి, రేషన్లు సున్నా చేసి, వదిలేస్తే పల్లె తగలబడేలా రాసి, ఏది చేసినా ‘నీ శక్తులు పోయాయి’ అనడం. అలాంటి ఉచ్చు పాలడిన్‌ను పరీక్షించదు, ప్లేయర్‌ను ఏడిపిస్తుంది. కష్టమైనా సరే, ఒక సరైన దారి ఎప్పుడూ తెరిచి ఉంచండి.

పాలడిన్ నిజంగానే తప్పు చేస్తే?

3.5లో తెలిసి ఒక్క ఈవిల్ పని చేసినా, నియమావళిని ఘోరంగా మీరినా స్పెల్స్, శక్తులు, గుర్రంతో సహా పోతాయి. ఆయుధాలు, కవచం వాడే నేర్పు మాత్రం మిగులుతుంది. తిరిగి రావడానికి అటోన్‌మెంట్ స్పెల్ కావాలి. వేయడానికి గంట పడుతుంది, కావాలని చేసిన తప్పు అయితే వేసే క్లెరిక్‌కు 500 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) ఖర్చవుతుంది. క్లెరిక్ ఊరికే ఒప్పుకోడు కాబట్టి ముందు ఒక పని అప్పగించడం సహజం. మంచి కథ అక్కడ పుడుతుంది.

5వ ఎడిషన్‌లో కొలత అలైన్‌మెంట్ కాదు, చేసిన ప్రతిజ్ఞ. ఓత్ ఆఫ్ డివోషన్‌కు నిజాయితీ ముఖ్యం, ఓత్ ఆఫ్ వెంజెన్స్‌కు పెద్ద దుష్టుణ్ణి వేటాడటం ముఖ్యం. ఒకరికి పాపమైనది ఇంకొకరికి కర్తవ్యం కావచ్చు. తప్పితే అదే మతపు క్లెరిక్ దగ్గరో, అదే శాఖ పాలడిన్ దగ్గరో క్షమాపణ కోరి, రాత్రంతా ప్రార్థనతో జాగారం, ఉపవాసం లాంటివి చేయడం పుస్తకం చెప్పే దారి. పశ్చాత్తాపమే లేకపోతే క్లాస్ మార్చుకోవాల్సి రావచ్చు, లేదా ఓత్‌బ్రేకర్ అవుతాడు. పాలడిన్ ప్లేయర్‌కు చెప్పేది ఒకటే: మీ ప్రతిజ్ఞలోని వాక్యాలు షీట్ వెనక రాసుకోండి. చూసి ఆడితే సగం వాదనలు రావు.

అలైన్‌మెంట్‌ను ఎప్పుడు, ఎలా మార్చాలి?

1979 నాటి డీఎం పుస్తకంలో అలైన్‌మెంట్ మారితే ఒక లెవెల్ పోయేది. దాంతో క్యారెక్టర్ కథలో ఎంత మారినా షీట్‌లో మార్చడానికి జనం భయపడేవారు. శిక్ష తీసేయండి, మార్పు నిజాయితీగా వస్తుంది.

పనిచేసే పద్ధతి ఇది. డీఎం ప్రతి సెషన్ అయ్యాక ఒక్కో క్యారెక్టర్ పేరు పక్కన ఒక వాక్యం రాయాలి, అలైన్‌మెంట్ దాటిన పని ఏదైనా చేస్తేనే. అలాంటి పని చేయబోతున్నప్పుడు డైస్ వేయకముందే చెప్పాలి: ‘ఇది ఈవిల్ పని, నీ క్యారెక్టర్‌కు కూడా ఆ సంగతి తెలుసు. చేస్తావా?’ ఈ ఒక్క ప్రశ్న చాలా గొడవలను ఆపుతుంది, ఎందుకంటే చాలాసార్లు ప్లేయర్ సన్నివేశాన్ని డీఎం ఊహించినట్టు ఊహించుకోడు. మూడు వేర్వేరు సెషన్లలో ఒకే వైపు మూడు పనులు కనిపిస్తే ప్లేయర్‌తో విడిగా మాట్లాడి పక్క గడికి జరపండి. ఒకసారికి ఒక్క గడే. మూడు అన్న సంఖ్య రూల్ కాదు, ఒక పొరపాటుకూ ఒక అలవాటుకూ తేడా తెలియడానికి సరిపడేంత. పల్లెను తగలబెట్టడం లాంటి పనికి మాత్రం మూడోసారి దాకా ఆగక్కర్లేదు.

మంచి ఉద్దేశంతో చేసిన చెడ్డ పనిని ఎలా లెక్కకట్టాలని అడుగుతారు. పని, ఉద్దేశం రెండూ రాయండి. ఒకసారి అయితే ఉద్దేశానికి ఎక్కువ విలువ ఇవ్వండి. అదే ఉద్దేశం చెప్పి అదే పని మళ్ళీ మళ్ళీ చేస్తుంటే పనికే విలువ.

ఆర్క్‌లు, గాబ్లిన్‌లు పుట్టుకతోనే ఈవిలా?

పుస్తకంలో జీవి పేరు పక్కన రాసే అలైన్‌మెంట్ ఆ జాతిలో ప్రతి ఒక్కరికీ వేసిన ముద్ర కాదు. మార్చుకోవచ్చని 2014 మాన్‌స్టర్ మాన్యువల్ ముందుమాటలోనే ఉంది. 2021లో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ దిద్దుబాట్లలో ప్లేయర్లు ఎంచుకునే జాతుల వర్ణనల నుంచి అలైన్‌మెంట్ సూచనలు తీసేశారు. డెవిల్స్, డీమన్స్ సంగతి వేరు. అవి ఆ స్వభావమే మూటకట్టి పుట్టిన జీవులు: డెవిల్స్ లాఫుల్ ఈవిల్, డీమన్స్ కేయాటిక్ ఈవిల్. రెండూ ఈవిలే అయినా వాటి మధ్య తరతరాల యుద్ధం నడుస్తూనే ఉంటుంది. లా, కేయాస్ గీత ఎంత లోతైనదో చూపడానికి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

తెలుగు పాఠకులకు ఇక్కడ బాగా తెలిసిన పేరు ఒకటి తగులుతుంది. రాక్షస 1977 మాన్‌స్టర్ మాన్యువల్‌లోనే ఉంది. 5వ ఎడిషన్‌లో పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు, ఛాలెంజ్ రేటింగ్ (ఎంత ప్రమాదకరమో చెప్పే అంకె) 13, లాఫుల్ ఈవిల్. ఆటలో అది ఫీండ్. మన రామాయణంలో రాక్షసులు ఒక జాతి, విభీషణుడూ ఆ ఇంట్లోనే పుట్టాడు. మీ టేబుల్‌లో అందరికీ ఆ కథలు తెలిసి ఉంటే, స్టాట్ బ్లాక్ (జీవి అంకెల పట్టిక) అలాగే ఉంచి అలైన్‌మెంట్ ఒక్కటి మార్చి చూడండి. ప్లేయర్లు వెంటనే అందుకుంటారు.

పురాణ పాత్రలకు అలైన్‌మెంట్ పెట్టి నేర్చుకోవచ్చా?

సాధనకు బాగుంటుంది, తీర్పుగా తీసుకోకపోతే. అన్న చేసింది తప్పని మొహం మీదే చెప్పి, అయినా అన్న కోసమే యుద్ధానికి వెళ్ళిన కుంభకర్ణుడు కట్టుబాటుకు మంచికన్నా ఎక్కువ విలువ ఇచ్చాడు. అదే ప్రశ్నకు విభీషణుడు ఎదురు జవాబు ఇచ్చాడు. ఇచ్చిన మాటకూ, సింహాసనానికీ కట్టుబడి, నిండు సభలో ద్రౌపది అడిగితే తేల్చి చెప్పలేకపోయిన భీష్ముడిని లాఫుల్ న్యూట్రల్ అనేవారు ఉన్నారు, లాఫుల్ గుడ్ అనేవారూ ఉన్నారు. ఇద్దరి వాదనలూ వింటే లా, గుడ్ రెండు వేర్వేరు గీతలని కొత్తవారికి పదిహేను నిమిషాల్లో అర్థమవుతుంది. అయితే ఆ కథల్లో ఎవరి స్వధర్మం వారిది, ఆట గళ్ళలో అందరికీ ఒకటే కొలబద్ద. పూర్తిగా అతకదు.

ఈవిల్ క్యారెక్టర్‌ను ఒప్పుకోవాలా?

టేబుల్‌లో అందరూ ఒప్పుకుంటేనే. లాఫుల్ ఈవిల్ పార్టీలో ఇమడగలదు, మాట మీద నిలబడుతుంది కాబట్టి. కేయాటిక్ ఈవిల్ నెల రోజులు కూడా నిలవదు.

అలైన్‌మెంట్ లేకుండా ఆడవచ్చా?

నిక్షేపంగా. 2023లో ఇదే తరహా ఆట పాత్‌ఫైండర్ 2వ ఎడిషన్ రీమాస్టర్ దీన్ని పూర్తిగా తీసేసి, ఆ పనిని చేయాల్సినవి, చేయకూడనివి అన్న రెండు జాబితాలకు అప్పగించింది. అదే ఏడాది వచ్చిన బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్‌లోనూ క్యారెక్టర్‌కు అలైన్‌మెంట్ ఎంచుకునే పని లేదు. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ప్రతి బ్యాక్‌గ్రౌండ్ (క్యారెక్టర్ గతం) కింద డీ8తో (ఎనిమిది ముఖాల డైస్‌తో) తీసే 8 పర్సనాలిటీ ట్రెయిట్స్, డీ6తో తీసే 6 ఐడియల్స్, 6 బాండ్స్, 6 ఫ్లాస్ ఉన్నాయి. అలైన్‌మెంట్ చేసే పని ఇవి ఇంకా బాగా చేస్తాయి. ‘కేయాటిక్ గుడ్’ అన్న మాట కన్నా ‘చెల్లెల్ని అమ్మేసిన జమీందారును వదలను’ అన్న బాండ్ ప్లేయర్‌కు ఎక్కువ ఉపయోగపడుతుంది. తీసేసేటప్పుడు స్పిరిట్ గార్డియన్స్ లాంటి చోట్ల ఏ డ్యామేజ్ వాడాలో మాత్రం ముందే తేల్చుకోండి.

ఉంచుకుంటే, ఆట మొదలుకాకముందు ఏం మాట్లాడుకోవాలి?

సెషన్ జీరోలో ఇరవై నిమిషాలు దీనికి కేటాయించండి. లా అంటే మన టేబుల్‌లో రాజ్యపు చట్టమా, సొంత నియమమా? లొంగినవారిని చంపడం, సమాచారం కోసం హింసించడం మనకు ఏ గడిలోకి వస్తాయి? పార్టీలో ఒకరినొకరు దోచుకోవడం ఉంటుందా? ఏ జీవులు మారగలవు, ఏవి మారలేవు? అలైన్‌మెంట్ మార్పు మీద చివరి మాట ఎవరిది? జవాబులు ఒక కాగితం మీద రాసి డీఎం స్క్రీన్ లోపలివైపు అంటించుకోండి. నెల తర్వాత గాబ్లిన్ చేతులెత్తినప్పుడు ఆ కాగితమే చూడాలి.